మాస్టారి నడకతో మహేంద్రగిరి

సోంపేటలో మా డాబా ఎక్కి పడమరకి చూస్తే కనపడే నీలం కొండే మహేంద్రగిరి. దాని మీద మబ్బు కూర్చుందంటే ఆరబెట్టిన వడియాలు బేగి తీసెయ్యమనేది మా అమ్మ. అలా రోజూ చూస్తూ పెరిగాం గానీ, 1,501 మీటర్ల ఆ కొండని ఒక్కసారీ ఎక్కలేదు. ఈ సంక్రాంతికి హైదరాబాదు, విశాఖ నుంచి వచ్చిన స్నేహితులతో కలిసి ఆరుగురం తేలాం. మాకు సోషల్ చెప్పిన మాస్టారు కూడా వస్తానన్నారు. ఆయన రిటైరై మూడేళ్ళయింది, కుడి మోకాలు నొప్పి. వద్దని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ముక్కనుమ నాడు తెల్లారుజామున మూడింటికి బయల్దేరి, మందస దాటి కొండ దిగువన ఉన్న ఒక సవర గిరిజనుల ఊరికి చేరాం. అరిసెలు, జంతికలు, పులిహోర మూట కట్టుకున్నాం. ఆ ఊరి కుర్రాడొకడు దారి చూపడానికి వచ్చాడు.

మొదటి గంట అంతా జీడితోటలే. అప్పుడే పూత మీదున్నాయి, ఆ వాసన చీకట్లోనే తెలిసిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి వాళ్ళ నాన్న వేసిన చెట్లన్నీ పడిపోయాయట, ఇవి మళ్ళీ వేసినవి అని ఆ కుర్రాడు చెప్పాడు. ఉద్దానం కొబ్బరితోటల గురించి అందరం మాట్లాడుకున్నాం గానీ, ఈ వాలు మీద తోటలకి ఏమయిందో నేను ఎప్పుడూ అడగలేదు, ఆ మాట మనసులో గుచ్చుకుంది.

తోటలు దాటాక దారి నిలువుగా లేచింది. నేనూ, ఇంకో ముగ్గురూ ఊపు మీద ముందుకెళ్ళిపోయాం. పైకి వెళ్ళేసరికి మంచు కమ్మేసింది, ఎంత కమ్మిందంటే పక్కనున్న వాడి చొక్కా రంగు తెలియలేదు. వెనక్కి తిరిగి చూస్తే మాస్టారు లేరు, కుర్రాడూ లేడు. ఇక టెన్షన్. ఇరవై నిమిషాలు ఒకటే కేకలు. మా గొంతు ఎదుటి కొండకి తగిలి మాకే తిరిగొస్తుంటే ఏ దిక్కు నుంచి బదులొస్తుందో తెలియలేదు. చివరికి ఆ కుర్రాడే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. మేము దారి వదిలేసి చీపురుగడ్డి కోసేవాళ్ళు నడిచే బాట పట్టామట.

"ముసలాయన్ని ముందు పెట్టండి బాబూ. మేము కావిళ్ళతో దిగినప్పుడు కూడా మెల్లగా నడిచేవాడే ముందు. అప్పుడు ఎవడూ తప్పిపోడు," అన్నాడు.

ఇంత చిన్న సంగతి మాకు తట్టలేదు. గుంపుగా కొండెక్కేవాళ్ళు ఎవరైనా సరే ఇది గుర్తుపెట్టుకోండి. బలమున్నవాడు ముందు నడిస్తే అతని వేగమే అందరి వేగం అయిపోతుంది, వెనకవాళ్ళు అందుకోవాలని ఆయాసపడి, అతను ఆగినచోటికి చేరేసరికే మళ్ళీ లేస్తాడు, పాపం వాళ్ళకి కూర్చునే వీలే ఉండదు. మాస్టారు ముందుకొచ్చాక ప్రతి యాభై అడుగులకీ ఆగాం. ఆగినప్పుడల్లా ఏదో ఒకటి కనపడింది. అడ్డాకు తీగలు, చీపురుగడ్డి వెండి కుచ్చులు, రాతి సందులోంచి కారుతున్న సన్నటి నీళ్ళు. మేము ఈతలు కొట్టిన మహేంద్రతనయ ఈ కొండల్లోనే పుట్టి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది కదా, ఆ నీళ్ళు దోసిట పట్టి తాగుతుంటే ఒళ్ళు జల్లుమంది.

పైకి చేరేసరికి ఒంటిగంట. పెద్ద పెద్ద రాళ్ళు పేర్చి కట్టిన భీముడి గుడి, ధర్మరాజు గుడి, కుంతి గుడి. కుంతి గుడిలో ఉన్నది గోకర్ణేశ్వరుడు. మాస్టారు చెప్పులు విప్పి, గుమ్మం ముందు చాలాసేపు నిలబడ్డారు. మన ముఖలింగం నుంచి ఏలిన తూర్పు గాంగరాజులు తమ తామ్రశాసనాల్లో మహేంద్రాచలం మీది గోకర్ణస్వామికి మొక్కి మరీ మొదలుపెట్టేవారని, రాజేంద్ర చోళుడి విజయం చెప్పే శాసనాలు కూడా ఈ కొండ మీదే దొరికాయని మాకు ఎనిమిదో తరగతిలో చెప్పింది ఆయనే. "ముప్పై ఏళ్ళు చూడకుండానే పాఠం చెప్పాన్రా," అన్నారు. గొంతు వణికింది. మేమెవ్వరం మాట్లాడలేదు.

గుడి వెనక మాత్రం చూడలేకపోయాం. నీళ్ళ సీసాలు, గుట్కా పొట్లాలు, ప్లాస్టిక్ విస్తళ్ళు. ఒడిశా వైపు నుంచి బండ్లు పైకొచ్చే రోడ్డుంది, శివరాత్రికి వేలమంది వస్తారు. మొక్కుకోడానికి వచ్చిన చోట ఇలా పారేయడానికి చేతులెలా వస్తాయి? రెండు గోనె సంచులు నింపి దించాం. అదేం గొప్ప కాదు, ఇంకా చాలా మిగిలిపోయింది.

అటు నుంచి వచ్చిన జీపువాళ్ళు మాస్టారిని ఎక్కించుకుంటామన్నారు. వెళ్ళండి మాస్టారూ అని నేనే బతిమాలాను, దిగుడులో మోకాలికి ఇంకా కష్టమని. ఆయన వినలేదు. అంతలో మంచు విడి తూర్పున సముద్రం సన్నగా గీతలా మెరిసింది. ఎవరి ఊరు ఎటుందో చూపించుకుంటూ పది నిమిషాలు నిలబడిపోయాం.

దిగడానికి ఐదున్నర గంటలు పట్టింది. ఆఖరి గంటంతా ఫోన్ల వెలుగులో, చేతికర్ర ఒక పక్క, నా భుజం ఒక పక్క పట్టుకుని దిగారు. ఊరికి చేరగానే ఆ కుర్రాడి అమ్మ అందరికీ చోడంబలి పోసింది. మాస్టారు రెండు గ్లాసులు తాగి, కుర్చీని కొండ వైపు తిప్పుకుని కూర్చున్నారు. చీకట్లో ఏమీ కనపడటం లేదు. అయినా మేమంతా ఆయన పక్కనే అరుగు మీద అటే చూస్తూ కూర్చున్నాం.