ఆ 60 మంది

చిన్నాన్న మా ఇంటి గ్రూపులో మళ్ళీ మెకాలేని పంపించాడు, అదే, ఇక్కడ ఇంగ్లీషు చదువు పెట్టించిన దొరని, గులాబీల గుడ్ మార్నింగ్ కిందే. "భారతదేశమంతా తిరిగాను, ఒక్క బిచ్చగాడు కనబడలేదు, వీళ్ల చదువును విరిస్తేగాని లొంగరు" అని 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో అన్నాడట. ఆ రోజు మెకాలే ఉన్నది కలకత్తాలో. అదే తేదీన ప్రభుత్వానికి రాసిన అభిప్రాయపత్రం, మినిట్ అంటారు, ఒకటుంది, అందులో ఈ మాటలు లేవు. ఉన్నవి ఇంతకంటే పొగరుగా ఉంటాయి. మంచి యూరప్ గ్రంథాలయంలో ఒక్క పుస్తకాల అర చాలు, ఇండియా, అరేబియా సాహిత్యమంతటికీ సరిపోతుందట. తిట్టడానికి అసలుది ఉండగా నకిలీది ఎందుకో! గ్రూపులో ఏమీ అనలేదు. అంటే పిన్ని ఫోన్ చేస్తుంది. 

రోజంతా మనసులో ఆయనతో పోట్లాడుతూనే ఉన్నాను. చారులో ఉప్పు ఎక్కువైంది. ఎవరూ ఏమీ అనలేదు, అదింకా చిరాకు.

రాత్రి బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ 1823లో రాసిన నివేదిక తీశాను. మద్రాసు గవర్నరు మన్రో అడిగితే ప్రతి జిల్లాలో బడులు లెక్కపెట్టారు. అప్పట్లో మా అనంతపురం కూడా బళ్లారి కిందే. 533 బడులు, అందులో తెలుగువి 226. అయిదో ఏట వినాయకుడి పూజ, బియ్యంలో అక్షరాలు. పొద్దున అందరికంటే ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్నా. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోవడమే. గుంజీలు, కోదండం (చేతులు కట్టి దూలానికి వేలాడదీయడం) కూడా ఉన్నాయి. గుంజీలు ఒంటికి మంచివేమోనని దొరగారి అనుమానం. ఇవాళ నవ్విందంటే అక్కడే.

ఆ కాస్త నవ్వూ లెక్క దగ్గర ఆగిపోయింది. చదివేవాళ్లు మొత్తం 6,641. ఆడపిల్లలు 60.

మా జేజి వడ్డీ లెక్కలు, చెనిక్కాయల తూకం, కాలు అర ముప్పాతికలతో సహా నోటితోనే తేల్చేది. పింఛను కోసం బ్యాంకుకి నేనే తోడు వెళ్లాను, అప్పుడు నాది ఆరో తరగతి. గుమాస్తా ఒక్క మాట మాట్లాడకుండా ఆమె బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది, కాగితం మీద నొక్కి వదిలేశాడు. బయటికొచ్చి ఆ సిరాని గోడకి తుడిచింది, పోలేదు. కొంగుకి తుడిచింది, పోలేదు. "నా పేరు అడిగేకి వానికి నోరు రాలేదా" అంది. ఇంటికొచ్చి పలక మీద ఆమె పేరు రాసిస్తే రెండక్షరాలు దిద్ది, "పో మే, పొయ్యి మీద పాలున్నాయి" అని లేచిపోయింది. "మా అన్నను బడికి పంపిరి, నన్ను గొర్రెల కాడికి పంపిరి." అంతే, ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు.

చిన్నాన్న ఆమె కొడుకే. తెల్లవాళ్లు రాకముందు ఇక్కడ అందరూ చదువుకున్నారని ఆయనంటే నాకు ఒళ్లు మండదా?

ఇక్కడితో ఆపి పోస్ట్ చేసేద్దామనుకున్నా. కానీ క్యాంప్‌బెల్ ఇంకా ఆపలేదు. ఒకప్పుడు బడి ఉన్న చాలా ఊళ్లలో ఇప్పుడు లేదు, దేశం పేదదైపోయింది, మన ఇంగ్లండు సరుకు దిగేసరికి ఇక్కడి నేతవాళ్ల రాబడి పడిపోయింది అంటాడు. ఈస్టిండియా కంపెనీ కలెక్టరు కంపెనీ ప్రభుత్వానికే రాసిన మాట ఇది, మెకాలే ఈ దేశంలో అడుగుపెట్టడానికి పదేళ్ల ముందు. బడి మూయమని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. పంతులుకి ఇచ్చుకోవడానికి ఊళ్లో డబ్బులే లేకుండా పోయాయి. ఆ తర్వాత 1835లో ప్రభుత్వ సొమ్ము ఇంగ్లీషు చదువుకే అన్నారు. 1844లో ఉద్యోగాల్లో కూడా ఇంగ్లీషు చదివినవాళ్లకే పెద్దపీట అన్నారు. ఇక కొడుకుని వీధిబడికి పంపేదెవరు? చిన్నాన్న పట్టుకున్న కాగితం దొంగదే, నష్టం మాత్రం దొంగది కాదు. (ఆయన మనవడు ఇంటర్నేషనల్ స్కూలు, అది వేరే సంగతి.)

మన్రో 1826లో తహసీలుకొకటి చొప్పున 300 బడులు పెడదామన్నాడు, పంతులుకి నెలకు 9 రూపాయలు. మరుసటేడే పత్తికొండలో కలరాతో పోయాడు. ఆ తొమ్మిది రూపాయల పంతులు గొర్రెల కాడి పిల్లను పిలిచి కూర్చోబెట్టేవాడని నాకు నమ్మకం లేదు. అయినా ఆ మనిషి మీద కోపం రావడం లేదు. మా సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు మరి. జేజి వాళ్ల ఊళ్లోనూ ఒకాయన ఉండేవాడు, ఆయన కథ ఇంకోసారి.