మట్టలాదివారం కాగితంలో ఒక మాట

గుంటూరు అరండల్‌పేటలో మాదో చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, మిర్చి కొట్ల బిల్లు పుస్తకాలు, ఈస్టర్ దగ్గరపడితే చర్చి పాటల కాగితాలు. పోయినేడు ఈస్టర్‌కి ముందొచ్చే మట్టలాదివారం కాగితం కంపోజ్ చేస్తుంటే, మా సంఘంలో పాటలు పాడించే పెద్దాయన పక్కనే కుర్చీ లాక్కుని ప్రూఫ్ చూస్తున్నారు. పైన పాటలో 'హోసన్నా', కింద బైబిలు వాక్యం, మత్తయి సువార్త 21:9లో 'జయము'.

"ఏందబ్బాయ్, పాటలో మాట వాక్యంలో లేదు. ఎగరగొట్టావా?"

లేదు. మన పాత తెలుగు బైబిల్లో అక్కడున్నది జయమే. తాటి మట్ట ఊపుకుంటా ఊరేగిన చిన్నతనం నుంచీ నేనూ అదే అర్థమనుకున్నా.

అసలు హోసన్నా అనేది హీబ్రూ మొర. 'హోషియా నా', అంటే 'దయచేసి రక్షించు'. 118వ కీర్తన 25వ వచనం తీస్తే మన బైబిల్లోనూ "దయచేసి నన్ను రక్షించుము" అనే ఉంటుంది. యేసు అనే పేరు కూడా ఆ రక్షించే ధాతువు బిడ్డే. యూదులు పర్ణశాలల పండుగ ఏడో రోజును 'హోషానా రబ్బా' అంటారు. ఆ రోజు కొమ్మలు పట్టుకుని ప్రార్థనా మందిరంలో వేదిక చుట్టూ ఏడుసార్లు తిరుగుతూ అదే మొర పెట్టుకుంటారు. అలా పండగల్లో నోళ్లలో నాని నాని, మొర కాస్తా జేజేలైంది. సువార్తలు రాసినవాళ్లలో మత్తయి, మార్కు, యోహాను దాన్ని గ్రీకులోకి మార్చకుండా ఆ ధ్వనే ఉంచేశారు. లూకా అసలు ఎత్తలేదు. మనవాళ్లు 'జయము' అన్నది తప్పనను. కానీ మాటను మాటగానే వదిలుంటే బాగుండేదనిపిస్తుంది నాకు.

పెద్దాయన నమ్మలా. "కాపాడమని అడుగుతా ఎవరన్నా సంబరపడతారట్రా?"

ఇంతలో మిరపకాయ బజ్జీలొచ్చాయి. ఒకటి కొరికి "అమ్మో!" అన్నారు, కళ్లనిండా నీళ్లతో, ఇష్టంగా.

"అమ్మను పిలిచారాండీ?" అన్నా.

కాసేపు నావంకే చూసి, రెండో బజ్జీ తీసుకున్నారు. "సర్లే, ఆ కీర్తన వచనం కూడా కింద వెయ్యి."

వేశా. పేజీ దాటిపోతుంటే అక్షరాలు పదకొండు పాయింట్లకి దించాల్సొచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక, కళ్లజోడు లేని పెద్దమ్మలంతా నామీద పడ్డారు.