గోడౌన్లో చెన్నై అన్న

ఆదివారం, రాత్రి పది దాటింది. నిన్న పట్టిన ముసురు ఇంకా వదల్లేదు. వాయుగుండం అంటే నవంబరులో నెల్లూరికి మామూలే. పొద్దున పేపర్లు దిద్దుకుని, మధ్యాహ్నం చేపల పులుసుతో అన్నం తిని కాసేపు నడుం వాల్చి, నాలుగింటికి మంద్రస్వరాలు పలికే నా బేస్ గిటారుకు రెయిన్‌కోటు చుట్టి గోడౌన్‌కి బయలుదేరాను.

గోడౌన్ అంటే సౌండ్ సిస్టమ్, షామియానాలు అద్దెకిచ్చే షాపు వెనక గది. చుట్టూ మడతపెట్టిన షామియానాలు, ఒకదానిమీదొకటి ఎక్కించిన ప్లాస్టిక్ కుర్చీలు. పెళ్లిళ్లు లేని ఆదివారాల్లో ఆ గది మాది. డ్రమ్స్ కొట్టే అబ్బాయి కరెంటాఫీసులో లైన్‌మన్. ఈ వానలో వస్తాడనుకోలేదు, డ్యూటీ దిగి తడి బట్టలతోనే వచ్చాడు. కీబోర్డు వాయించేది బ్యాంకు ఉద్యోగి, పాడేది ఒక నర్సమ్మ. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. సంగీతం మా ఎవరికీ అన్నం పెట్టేది కాదు.

ఇవాళ మాతో చెన్నై అన్న కూర్చున్నాడు. ఆయన పుట్టింది నెల్లూరు మూలాపేటలోనే. కుర్రతనంలోనే చెన్నై వెళ్లి, అప్పటినుంచీ రికార్డింగులకూ స్టేజీ ప్రోగ్రాములకూ బేస్ వాయిస్తూ బతుకుతున్నాడు. వాళ్లమ్మను చూడటానికి వచ్చినప్పుడు వీలు చూసుకుని మా దగ్గరికి వస్తాడు. వచ్చాక పాఠాలు చెప్పడు. ఓ కుర్చీ లాక్కుని, టీ తాగి, "ఏంది అబ్బయా, ఏం పాట నడస్తా ఉంది?" అంటాడు. ఏ హీరో పాటకు వాయించారని ఎవరైనా అడిగితే రెండు ముక్కల్లో చెప్పి పాటలోకి తీసుకుపోతాడు. ఆ ప్రశ్నలు మేం మానుకోవాలి. పనికి సెలవు పెట్టి వచ్చిన మనిషిని మళ్లీ పని గురించే అడగడం నాకు నచ్చదు.

ఇవాళ ఒక నిదానమైన పాట పట్టుకున్నాం. బేస్‌కి అందులో పెద్దగా పనేం లేదు, సా దగ్గర మొదలై పా దాకా వెళ్లి రావడమే. నేను వాయించాక అన్న నా గిటారే తీసుకున్నాడు. యాంప్లిఫయర్ అదే, స్వరాలూ అవే. "కీబోర్డు కాసేపు ఆపబ్బయా, మేమిద్దరమే వాయిస్తాం" అని లైన్‌మన్ వైపు తిరిగాడు. నాలుగు ఆవర్తాలు తిరిగేసరికి పాట నడక తేటపడింది.

నేను ఆయన ఎడమ చెయ్యి మీదనుంచి కన్ను తీయలేదు. డ్రమ్స్‌లో స్నేర్ అనే చిన్న డ్రమ్ము దెబ్బ పడే క్షణానికి ముందు తీగ మీద వేలు బరువు తగ్గిస్తున్నాడు. వేలు తీగను వదలదు, ఒత్తిడి మాత్రం పోతుంది. అంతటితో నోటు, అంటే ఆ స్వరం, ఆగుతుంది, ఆ ఖాళీలో స్నేర్ శుభ్రంగా పలుకుతుంది. నేనైతే ప్రతి నోటునూ తర్వాతి నోటుదాకా సాగదీస్తాను. బేస్ నోటు ఎక్కడ మొదలైందో అందరూ పట్టుకుంటారు. ఎక్కడ ఆగిందో ఎవరూ ప్రత్యేకంగా వినరు, కానీ పాట ఊగేదీ కుంటేదీ అక్కడే. ఈ సంగతి నేను పుస్తకాల్లో చదివే ఉన్నాను. పక్కన కూర్చుని ఆ వేలు చూస్తే కానీ చేతికి ఎక్కలేదు.

తర్వాత చిరిగిన కుర్చీ సీటులోంచి వేలెడు స్పాంజి ముక్క లాగి బ్రిడ్జి దగ్గర, అంటే గిటారు ఒంటి మీద తీగలు బిగించే చోట, తీగల కింద దూర్చాడు. శబ్దం పొట్టిగా, గుండ్రంగా మారిపోయింది. అచ్చం పాత పాటల బేస్. అమెరికాలో గిటార్లు తయారుచేసిన లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అనే గిటారు తెచ్చిన తొలి రోజుల్లో బ్రిడ్జి మూత కింద స్పాంజి పెట్టే అమ్మేవారట. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ రికార్డులకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ ఆ స్పాంజి తియ్యలేదు, తీగలూ మార్చేవాడు కాదు, కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడేవాడు. అంత వాయించినా 1971 దాకా ఆ రికార్డుల మీద వాద్యగాళ్ల పేర్లు వేయలేదు. మన పాటల క్యాసెట్ల అట్టల మీదా బేస్ వాయించినవాళ్ల పేర్లు నేను వెతికి చూశాను. చాలావాటి మీద కనపడలేదు. ఇళయరాజా పాటల్లో బేస్ రెండో గొంతులా పాడుతుంటుంది, ఊళ్లో ఎవరినైనా ఆపి అడిగితే ఆ వరస కూనిరాగం తీస్తారు. వాయించిన చెయ్యి ఎవరిదంటే మాత్రం చెప్పలేరు. ఇది నాకు బాధగానే ఉంటుంది.

నా వంతుకు వచ్చింది ఫిజిక్స్. యాంప్లిఫయర్ మూలకు ఉంటే గదంతా ఒకటే గుయ్‌మంటోంది. మూల గోడలు మంద్రంగా పలికే శబ్దాలను పెంచుతాయని చెప్పి ఇవతలకి జరిపాను. బేస్ మీద మందపు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది, ఆ అల పొడవు ఎనిమిది మీటర్ల పైమాట. గోడకు తగిలి తిరిగొచ్చిన అల ఒకచోట అసలు అలతో కలిసి పెరుగుతుంది, మరోచోట ఢీకొని తగ్గిపోతుంది. అన్న చెయ్యి ఆపి విన్నాడు. "అందుకేనా మాస్టారూ, ఒక్కో హాల్లో నేను నిలబడ్డచోట వినపడక, ఆఖరి వరసలో దడదడమంటా ఉంటది!" ఆయన వేసిన స్టేజీలకు లెక్కలేదు. అయినా ఆ కారణం ఎవరూ చెప్పలేదట. నాకు భలే సంతోషమేసింది.

అంతకన్నా సంతోషం ఇంకోటి. మాది ఉదయగిరి వైపు పల్లె. జాతర డప్పు నా చెవిలో ఎప్పుడూ ఆడుతుంటుంది. ఆ దెబ్బలను బేస్ మీదకు తెచ్చుకున్నాను. ఎడమచేత్తో తీగలు మూసి స్వరం లేకుండా కొట్టేవి కొన్ని, పలికించేవి కొన్ని. విరామంలో ఊరికే వాయిస్తుంటే అన్న టీ గ్లాసు కింద పెట్టి "మళ్లీ వాయించబ్బయా, నిదానంగా" అన్నాడు. ఫోన్లో రికార్డు చేసుకున్నాడు, పక్కన కూర్చుని పట్టుకున్నాడు కూడా. ఆయన చేతిలో అది నాకంటే బాగా పలికింది, అయినా దెబ్బ సరిగ్గా పడిందా అని నన్నే అడిగాడు.

చీకటి పడ్డాక పని సంగతి తనే ఎత్తాడు. కీబోర్డులో బేస్ వాయించేయడం, కంప్యూటర్లో ప్రోగ్రామ్ చేయడం మొదలయ్యాక పిలుపులు తగ్గాయట. ఆర్కెస్ట్రాల్లోనూ కీబోర్డు ఎడమచేత్తోనే బేస్ కానిచ్చేసి ఒక మనిషి డబ్బులు మిగుల్చుకుంటున్నారు. రికార్డింగుకు వెళ్లినా తన ముక్క వాయించి వచ్చేయడమే, పాడేవాళ్ల మొహం చూసేదీ ఉండదు. "మీ దగ్గర పాట మొత్తం వాయించొచ్చు" అన్నాడు. కీబోర్డు మనిషి ఆ మాటకు ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు.

మా నెల్లూరి గాయకుడు ఎస్పీ బాలు గారు మద్రాసులో ఇంజనీరింగు చదువుతూ పాటల పోటీల్లో పాడేవారు. ఆయన తొలినాటి ట్రూపులో గిటారూ హార్మోనియమూ వాయించింది ఇళయరాజానే. ఆ రోజుల్లో వాళ్లలో ఎవరు వృత్తికళాకారుడు, ఎవరు సరదాకి వచ్చాడని గీత గీసి చూసి ఉంటారా? 2020లో బాలు గారు వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేసిన తిప్పరాజువారి వీధి ఇంటి మీదుగా స్కూలుకు వెళ్లినప్పుడల్లా నాకీ ఆలోచన వస్తుంది.

అయితే డబ్బు దగ్గర గీత ఉండాల్సిందే. పోయిన నెల ఒకాయన అన్నను రిసెప్షన్‌కి వచ్చి ఊరికే వాయించమన్నాడట, "నీకిది చిటికెలో పని గదా" అంటూ. గోడౌన్లో ఆయన మాతో కూర్చుని వాయించడం స్నేహం. టిక్కెట్టు పెట్టినా, ఎవరైనా మాకు డబ్బులిచ్చినా ముందు ఆయన రేటు పక్కన పెట్టి మిగతాది మేం పంచుకోవాలి. ఇవాళ ఆయన వెళ్లాక ఈ మాట అందరితో అన్నాను, అందరూ సరేనన్నారు.

మళ్లీ సంక్రాంతికి వస్తానన్నాడు. ఈలోగా డ్రమ్స్‌కి కిక్ పెడల్ స్ప్రింగు కొత్తది వేయించాలి. డప్పు ముక్కకు తగిన పాట ఒకటి నర్సమ్మ చూస్తానంది.