పెద్ద అసెంబ్లీ లోడ్ కావట్లేదా? ర్యామ్ కొనే ముందు ఇవి చూడండి

ఫిల్లింగ్ లైన్ అసెంబ్లీ ఎట్టకేలకు ఒక్క ఎర్ర గుర్తు కూడా లేకుండా ఓపెన్ అయింది. సాలిడ్‌వర్క్స్ అనే త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వేల పార్టుల్ని కలిపి కట్టిన మోడల్ అది. మెషిన్ మా బాలానగర్ ఆఫీసులో గీసింది, కన్వేయర్ బయటి వెండర్ పంపింది. సపోర్ట్‌కి ఫోన్ చేస్తే ఫైలు చూడకుండానే "ర్యామ్ పెంచండి సార్" అన్నారు. ర్యామ్ చాలకపోతే టాస్క్ మేనేజర్‌లోనే తెలిసిపోతుంది: లోడ్ అవుతుండగా పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో కమిటెడ్ అంకె (ప్రోగ్రామ్‌లన్నీ కలిపి అడిగిన మెమరీ) పరిమితి దగ్గరికి చేరాలి. మాది సగం కూడా దాటలేదు.

గ్రాఫిక్స్ డ్రైవర్ అనుమానం ఉంటే, ఏ ఫైలూ తెరవకముందు సిస్టమ్ ఆప్షన్స్‌లో 'యూజ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌జీఎల్' టిక్ పెట్టండి. అప్పుడు బొమ్మ గీసే పని గ్రాఫిక్స్ కార్డుకి వెళ్లదు. క్రాష్ ఆగితే తప్పు డ్రైవర్‌ది. టాస్క్ మేనేజర్ డీటెయిల్స్‌లో జీడీఐ ఆబ్జెక్ట్స్ (తెర మీద గీయడానికి ప్రోగ్రామ్ వాడే వనరులు) కాలమ్ కూడా పెట్టుకోండి. విండోస్ ఒక ప్రోగ్రామ్‌కి మామూలుగా ఇచ్చేది 10,000 వరకే; అంకె దాని దగ్గరికి చేరితే క్రాష్‌కి కారణం అదే కావచ్చు.

మమ్మల్ని ముప్పుతిప్పలు పెట్టింది ఫైల్ పేర్లు. కన్వేయర్‌ని విడిగా తెరిస్తే శుభ్రంగా వస్తుంది. మెయిన్ అసెంబ్లీలో తెరిస్తే ఇంటర్నల్ ఐడీ కలవట్లేదని మెసేజ్, వెనకాలే వరసగా మేట్ (పార్టుల్ని ఒకదానితో ఒకటి కలిపి పట్టి ఉంచే సంబంధం) ఎర్రర్లు. వెండర్‌ని అడిగితే "మా దగ్గర బాగానే ఓపెన్ అవుతోంది సార్" అన్నాడు. నిజమే, అతని దగ్గర మా ఫైళ్లు లేవు కదా!

సాలిడ్‌వర్క్స్ ఒక పార్టు కోసం వెతికేటప్పుడు ముందు మెమరీలో చూస్తుంది. అదే పేరుతో ఫైలు అప్పటికే తెరిచి ఉంటే, అది ఏ ఫోల్డర్‌దైనా సరే, దాన్నే తీసుకుంటుంది. ఆ తర్వాతే ఆప్షన్స్‌లో ఇచ్చిన రెఫరెన్స్‌డ్ డాక్యుమెంట్స్ ఫోల్డర్లు. అసెంబ్లీలో సేవ్ అయి ఉన్న పాత్ వంతు చివర్లో వస్తుంది. మా ఫ్రేమ్‌లో 'బ్రాకెట్' ఉంది, వాళ్ల కన్వేయర్‌లోనూ 'బ్రాకెట్' ఉంది. ముందు లోడైన మాది వాళ్ల చోట కూర్చుంది. మేట్ పట్టుకున్న ఫేస్ ఈ బ్రాకెట్‌లో లేదు కాబట్టి మేట్లన్నీ తెగాయి. డబ్బు తీసుకుని డిజైన్ ఇచ్చేవాడు పార్టుకి 'బ్రాకెట్', 'పార్ట్1' లాంటి పేరు పెట్టి పంపడం బాధ్యతారాహిత్యం. డ్రాయింగ్ నంబరే ఫైల్ పేరుగా ఉండాలి.

ఈ దశలో రెండు బటన్ల జోలికి పోకండి. "ఈ ఫైలే వాడమంటారా" అంటే వద్దనండి. ఫైలు దొరకలేదన్నప్పుడు 'సప్రెస్ ఆల్ మిస్సింగ్' నొక్కకండి. అలా నొక్కి సేవ్ చేస్తే సప్రెస్ అయినవి (మోడల్‌లో లేనట్టు ఆపేసినవి) అలాగే ఉండిపోతాయి.

సరిచేసే పద్ధతి ఇది. అన్నీ మూసేసి కన్వేయర్‌ని ఒంటరిగా తెరవండి. ఫైల్ మెనూలో ఫైండ్ రెఫరెన్సెస్ చూసి ప్రతి పాత్ వెండర్ ఫోల్డర్‌లోదేనని నిర్ధారించుకోండి. తర్వాత ప్యాక్ అండ్ గోలో (మోడల్‌ని దాని ఫైళ్లన్నిటితో కలిపి కాపీ చేసే కమాండ్) ఫైల్ పేర్ల ముందు ప్రిఫిక్స్ ఇచ్చి లోకల్ డ్రైవ్‌లో చిన్న పాత్ ఉన్న ఫోల్డర్‌లో పెట్టండి. పాత్ 260 అక్షరాలు దాటితే వేరే గొడవ మొదలవుతుంది. విండోస్‌లో రైట్‌క్లిక్ చేసి మామూలుగా రీనేమ్ చేస్తే మాత్రం లింకులన్నీ తెగుతాయి. ఆ తర్వాత మెయిన్ అసెంబ్లీలో పాత కన్వేయర్‌ని రీప్లేస్ కాంపొనెంట్స్‌తో మార్చండి.

బోల్టులు కొండంత సైజులో వచ్చాయా? అది టూల్‌బాక్స్ (బోల్టులు, నట్ల లాంటి స్టాండర్డ్ పార్టుల లైబ్రరీ) పని. వాళ్ల సైజు మీ టూల్‌బాక్స్‌లో లేదన్నమాట. హోల్ విజార్డ్/టూల్‌బాక్స్ ఆప్షన్స్‌లో మీ టూల్‌బాక్స్ ఫోల్డర్‌ని డిఫాల్ట్ సెర్చ్ లొకేషన్‌గా పెట్టే టిక్ తీసి, ప్యాక్ అండ్ గో ఫోల్డర్ నుంచి మళ్లీ తెరవండి. వెండర్ కూడా ప్యాక్ చేసేటప్పుడు 'ఇంక్లూడ్ టూల్‌బాక్స్ కాంపొనెంట్స్' టిక్ పెట్టి ఉండాలి.

కన్వేయర్‌లో మీరు మార్చేదేమీ లేకపోతే ఇంత శ్రమ కూడా అక్కర్లేదు. దాన్ని విడిగా తెరిచి, సేవ్ యాజ్‌లో పార్ట్ ఎంచుకుని, బయటికి కనిపించే కాంపొనెంట్లు మాత్రమే ఉంచి సేవ్ చేయండి. వందల ఫైళ్ల చోట ఒక్క ఫైలే వస్తుంది, దానికి వెతకాల్సిన రెఫరెన్స్‌లు ఉండవు.