కోతల కాలంలో తుమ్ములు సర్ది కాదు

వానాకాలం వడ్లు కోతకొచ్చేసరికి మా ఏడేళ్ల బాబుకు తుమ్ములు మొదలయ్యేవి. లేవగానే వరసగా పది పదిహేను, నీళ్లలా కారే ముక్కు, కళ్ల దురద. అరచేత్తో ముక్కును పైకి రుద్దీ రుద్దీ దాని మీద అడ్డంగా గీత పడింది. సర్ది అనుకొని రెండేళ్లు యాంటీబయాటిక్ తాగించాం. సర్ది అయితే వారం పది రోజుల్లో తగ్గుతుంది, పిల్లలకు తరచూ జ్వరం కూడా ఉంటుంది. ఇది జ్వరమే లేకుండా, దురదతో, కోతలున్నన్నాళ్లూ ఉండేది. అలర్జీ ఇది. యాంటీబయాటిక్‌తో తగ్గేది కాదు.

మిర్యాలగూడ వైపు ఊళ్లలో అక్టోబర్, నవంబర్ నెలల్లో అన్నీ ఒక్కసారే మీద పడతాయి: గట్ల మీద వయ్యారిభామ పూత, హార్వెస్టర్ లేపే దుమ్ము, రోడ్ల మీద ఆరబోసిన వడ్ల నూగు. యాసంగి కోతలకు ఏప్రిల్‌లో మళ్లీ దుమ్ము.

డాక్టర్ సెట్రిజిన్ సిరప్, ఫ్లుటికాసోన్ ముక్కు స్ప్రే రాశారు. సిరప్ తుమ్ములను, దురదను ఆపుతుంది. ముక్కు దిబ్బడకు అసలు మందు స్ప్రేనే. దాన్ని మూడు రోజులు కొట్టి, గుణం లేదని మానేశాం. పూర్తిగా పనిచేయడానికి ఒకటి రెండు వారాలు పడుతుందని మాకు ఎవరూ చెప్పలేదు. కొట్టే తీరూ తప్పే. తల వెనక్కి వాలిస్తే మందు గొంతులోకి జారిపోతుంది. ముక్కు నడిమి గోడకు తగిలితే అక్కడ ఎండి రక్తం వస్తుంది. ముందు ముక్కు చీదించాలి. సీసా ఊపాలి, కొత్తదైతే సన్నటి తుంపర వచ్చేదాకా గాలిలోకి కొట్టాలి. తల కొంచెం ముందుకు వంచి, ఎడమ ముక్కుకు కుడి చేత్తో, కుడి ముక్కుకు ఎడమ చేత్తో, మొనను ఆ ముక్కు వైపే ఉన్న చెవి దిక్కుకు తిప్పి కొట్టాలి. గట్టిగా పీల్చనివ్వొద్దు.

స్ప్రేకు ముందు ఉప్పునీళ్లతో ముక్కు కడిగితే మందు బాగా పడుతుంది. గ్లాసు నీళ్లకు, అంటే పావు లీటరుకు, అర చెంచా అయోడిన్ లేని ఉప్పు. బోరు నీళ్లు నేరుగా వాడకండి, మరిగించి చల్లార్చినవే వాడాలి. దిబ్బడ తీసే చుక్కల మందు మాత్రం ఐదు రోజులు దాటితే, ఆపగానే ముక్కు మునుపటికంటే ఎక్కువ మూసుకుపోతుంది. పిల్లలను మరిగే గిన్నె మీదికి వంచి ఆవిరి పట్టడమూ వద్దు, ఒళ్లు కాలుతుంది.

బడి నుంచి రాగానే స్నానం, బట్టలు మార్పు. దుప్పట్లు వారానికోసారి బాగా వేడి నీళ్లలో ఉతకాలి. కోతలప్పుడు వాటిని బయట దండెం మీద ఆరేస్తే పుప్పొడి, నూగు తిరిగి పక్క మీదికే వస్తాయి. దోమల చుట్ట, సాంబ్రాణి పొగ ఆపేశాం.

రాత్రి దగ్గు, పిల్లికూతలు వస్తే ఆస్తమా ఉందేమో చూపించాలి. ఊపిరికి డొక్కలు లోపలికి గుంజుకుంటుంటే తెల్లారేదాకా ఆగొద్దు.

ఈసారి కోతలకు రెండు వారాల ముందే డాక్టర్ స్ప్రే మొదలుపెట్టించారు. పొద్దున తుమ్ములు రెండు మూడుకు దిగాయి, నోరు తెరిచి నిద్రపోవడం పోయింది. కల్లాలు ఖాళీ అయ్యాక ఆయన చెప్పిన రోజు ఆపేశాం.