ఫాంటానా జలాశయం ఒడ్డున, స్మోకీ కొండల్లో

అట్లాంటాలో ఉండే తెలుగు కుటుంబాలకు అక్టోబరు నెలాఖరు దగ్గర పడుతోందంటే స్మోకీ కొండలు గుర్తుకొస్తాయి. ఆకులు రంగు మారే ఆ కొద్ది వారాల్లో చాలామంది టెనెస్సీ వైపున్న గాట్లిన్‌బర్గ్‌కు వెళ్తారు. హోటళ్ళు, దుకాణాలు, పిల్లల ఆటపాటలు అన్నీ అక్కడే ఉంటాయి కనుక అది సహజమే. మేము మాత్రం ఈసారి కొండలకు ఇవతలి వైపున, ఉత్తర కరోలినాలోని బ్రైసన్ సిటీని ఎంచుకున్నాము. మా అమ్మానాన్నలు కర్నూలు నుంచి, మా మిత్రుడి అత్తగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. ఈ వయసులో వాళ్ళను రద్దీలో తిప్పడం కన్నా ఒకచోట తీరిగ్గా కూర్చోబెట్టి కొండను చూపించడం మేలని నాలుగు కుటుంబాల వాళ్ళమూ అనుకున్నాము.

మేము తీసుకున్న క్యాబిన్ ఊరికి కొంత దూరంలో, కంకర దారి నిట్టనిలువుగా ఎక్కి ఆగిపోయే చోట ఉంది. గోడలన్నీ దుంగలే. కింది అంతస్తులోనే పెద్దవాళ్ళకు పడకగదులు ఉన్నాయి, పిల్లలకు పైన అటక వంటి గది ఉంది, పెద్ద వంటగదిని ఆనుకొని రాతి పొయ్యి ఉన్న హాలు ఉంది. వీటన్నింటికంటే విలువైనది ఇంటి చుట్టూ ఉన్న వసారా. అందులో ఊగుడు కుర్చీలు వరుసగా వేసి ఉన్నాయి, వాటికి ఎదురుగా ఓక్ చెట్ల సందుల్లోంచి ఫాంటానా జలాశయం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు హాట్‌టబ్, బిలియర్డ్స్ బల్ల ఉన్నాయా అని చూడటానికి ముందు, మెట్లు ఎక్కకుండా పడుకునే గది, ఎండ తగిలే వసారా ఉన్నాయా అని చూసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

నలుగురి ఇళ్ళ నుంచీ సామాన్లు దిగాయి. ఇడ్లీ పిండి కూలర్‌లో వచ్చింది, రెండు కుక్కర్లు, పోపులపెట్టె, కందిపొడి, గోంగూర పచ్చడి వచ్చాయి. ఇళ్ళ దగ్గర ఎవరి వంటగదిలో వారు గడియారం చూసుకుంటూ వండుకునే మేము, అక్కడ ఒకే పొయ్యి దగ్గర పదిమంది చేరి, ఒకరు ఉల్లిపాయలు తరుగుతుంటే ఇంకొకరు అల్లం దంచుతూ, మధ్యాహ్నం భోజనాన్ని మూడు గంటలకు తిన్నా ఎవరూ తొందరపడలేదు. మా పిల్లలు అమ్మమ్మ ఎవరో, నానమ్మ ఎవరో అన్న తేడా లేకుండా ఎవరి చేతి ముద్ద ముందు దొరికితే అది తిన్నారు. మా అమ్మకు అది ఎంత సంతోషమో ఆమె ముఖంలోనే కనిపించింది.

తిన్న తర్వాత చెత్త విషయంలో మాత్రం కఠినంగా ఉండాల్సి వచ్చింది. ఆ కొండల్లో నల్ల ఎలుగుబంట్లు ఎక్కువ. స్మోకీ కొండల జాతీయ వనంలోనే సుమారు 1,900 ఉన్నాయని అంచనా. తిండి వాసన తగిలితే కారు తలుపు కూడా తెరవగలవు కనుక చెత్తను ఇనుప పెట్టెలో వేసి గడియ పెట్టాలి, కారులో బిస్కెట్టు ముక్క కూడా ఉంచకూడదు. ఒక సాయంత్రం దీపాలు వేసే వేళకు ఒక తల్లి ఎలుగు, రెండు పిల్లలు కంకర దారి మీదుగా నడిచి వెళ్ళాయి. తల్లి మా పెట్టె దగ్గర ఆగి, గడియను ముక్కుతో ఒకసారి తోసి చూసి, కదలకపోయేసరికి దిగువకు వెళ్ళిపోయింది. కిటికీ అద్దాల వెనక మేమందరం ఊపిరి బిగపట్టి నిలబడ్డాము.

పొద్దున్నే కొండల మీద కనిపించే నీలిపొర గురించి పిల్లలు అడిగారు. అడవి చెట్లు విడిచే ఐసోప్రీన్ వంటి ఆవిరులు గాలిలో సూక్ష్మమైన కణాలుగా మారి, వెలుతురులోని నీలిరంగును ఎక్కువగా చెదరగొడతాయి. ఈ కొండలకు పొగ పేరు రావడానికి అదే కారణం. అయితే వసారాలో కూర్చున్న మా నాన్న చూపు కొండల మీద కాక నీళ్ళ మీద ఉంది. నీటి అంచు చుట్టూ చెట్టూ గడ్డీ లేని ఎర్రమట్టి పట్టీ ఒకటి కనిపిస్తోంది. కాసేపు దానినే చూసి, "ఇవి కట్టేసిన నీళ్ళు రా, ఏటికి ఇట్ల ఎర్రగీత ఉండదు" అన్నారు.

ఆయన మాట నిజం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విద్యుత్తు అవసరమై, టెనెస్సీ వ్యాలీ అథారిటీ లిటిల్ టెనెస్సీ నది మీద 1942లో మొదలుపెట్టి 1944 నాటికి 480 అడుగుల ఎత్తున ఫాంటానా ఆనకట్టను కట్టింది. వెయ్యికి పైగా కుటుంబాలు ఊళ్ళు వదలాల్సి వచ్చింది. శీతాకాలపు వానలకు చోటు ఉంచడానికి ఏటా ఆకురాలే కాలంలో నీటిమట్టం తగ్గిస్తారు, అప్పుడు ఈ ఎర్రగీత బయటపడుతుంది. మా నాన్నకు ఇదంతా చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. నందికొట్కూరు వైపు కృష్ణ ఒడ్డున ఉన్న మా ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. 1981లో ఊరు ఖాళీ చేసినప్పుడు ఆయన ఇంటి తలుపులు, దూలాలు ఊడదీసి బండి మీద వేసుకొని బయటికి వచ్చారు. కర్నూలులో మా వంటింటికి ఉన్న టేకు ద్వారబంధం ఆ ఇంటిదే.

మరునాడు లేక్‌వ్యూ డ్రైవ్ మీదుగా వెళ్ళాము. ముంపు వల్ల పాత రహదారి నీళ్ళలో మునిగి, ఊళ్ళు వదిలిన వాళ్ళ పెద్దల సమాధులకు దారి లేకుండా పోతే, దానికి బదులు ఉత్తరపు ఒడ్డున కొత్త రోడ్డు వేస్తామని 1943లో ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. కొన్ని మైళ్ళు వేసి, సుమారు పన్నెండు వందల అడుగుల సొరంగం ఒకటి తొలిచి, 1970ల మొదట్లో పని ఆపేశారు. తవ్వేకొద్దీ రాతిలోంచి ఆమ్లం ఊరి వాగుల్లోకి చేరుతుండటం అందుకు ఒక కారణం. స్థానికులు దానిని ఎక్కడికీ పోని రోడ్డు అంటారు. చివరకు 2010లో రోడ్డుకు బదులుగా బ్రైసన్ సిటీ ఉన్న కౌంటీకి, అంటే జిల్లాకు, 5.2 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పందం కుదిరింది. పిల్లలు సొరంగంలో కేకలు వేస్తూ ప్రతిధ్వని వింటుంటే, నాన్న టార్చి పట్టుకొని నెమ్మదిగా నడుస్తూ, "రోడ్డు లేకుంటే వాళ్ళ సమాధుల కాడికి ఎట్ల పోతారు?" అని అడిగారు. వేసవిలో వనం సిబ్బంది పడవల మీద వాళ్ళ కుటుంబాలను అవతలి ఒడ్డుకు చేరుస్తారని, సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, అక్కడే కలిసి భోజనం చేసి వస్తారని చెప్పాను. ఆయన వెంటనే సంగమేశ్వరం గురించి చెప్పడం మొదలుపెట్టారు. వేసవిలో నీళ్ళు తగ్గి గుడి బయటపడితే ముంపు ఊళ్ళ వాళ్ళందరూ అక్కడ ఎట్లా కలుసుకుంటారో, ఎవరి ఇల్లు ఏ దిక్కున ఉండేదో చేతులతో చూపించుకుంటూ ఎంతసేపు నిలబడతారో సొరంగం దాటే వరకూ చెబుతూనే ఉన్నారు. ఈ మాటలు ఇంత వివరంగా నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఇంటి దగ్గర అడిగే తీరిక నాకు ఉండేది కాదు, పక్కన కూర్చొని వినేవాళ్ళు లేక ఆయనా చెప్పేవారు కాదు.

ఒకోనలుఫ్టీ దగ్గరి కొండ వ్యవసాయ ప్రదర్శనశాల అందరికీ నచ్చింది. వనం నలుమూలల నుంచి పాత కట్టడాలను విప్పి తెచ్చి 1950లలో ఇక్కడ నిలబెట్టారు. అందులోని దుంగల ఇల్లు అమెరికన్ చెస్ట్‌నట్ చెక్కతో కట్టినది. ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో తెగులు సోకి ఆ వృక్షజాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది కనుక అటువంటి ఇంటిని ఇక కట్టలేరు. నాన్న మూల దగ్గర వంగి, దుంగల చివర్లు ఒకదానిలో ఒకటి కూర్చునేలా గాడి కోసిన చోట వేలు పెట్టి చూశారు. శ్రీశైలం ముంపు నుంచి కాపాడటానికి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి అలంపురంలో తిరిగి కట్టిన సంగతి పిల్లలకు చెప్పారు. అప్పటికే పక్కనున్న పచ్చికలోకి ఎల్క్ జింకలు దిగాయి. 2001 నుంచి వాటిని ఈ కొండల్లోకి తిరిగి తెచ్చారు. కొమ్ములున్న మగది మెడ చాచి కూత పెడితే అది ఈల లాగా మొదలై గుర్రు లాగా ముగిసింది.

6,643 అడుగుల కువోహి శిఖరానికి కూడా వెళ్ళాము. చివరి అరమైలు నిటారుగా ఉండటం వల్ల పెద్దవాళ్ళు కిందే ఆగారు. పైన ఆకులన్నీ రాలిపోయాయి, నడుమ ఎత్తులో ఎరుపు, లోయలో ఇంకా పచ్చదనం ఉంది.

ఆ రాత్రి భోజనానికి రోడ్డు పక్క దుకాణంలో కొన్న, తిరగట్లో విసిరిన మొక్కజొన్న పిండి అక్కరకొచ్చింది. నూకలా గరగరలాడే ఆ పిండితో అమ్మ సంగటి కెలికి, తడి చేత్తో ముద్దలు కట్టి, చెనిక్కాయల ఊరిబిండి నూరింది. గుంటూరు అత్తగారు సంగటి తినడం అదే మొదటిసారి. ఆమె మరో ముద్ద అడిగి వేయించుకున్నారు. నాన్న వనం పటం వెనక తెల్లకాగితం మీద మా పాత ఊరి వీధులు గీసి, బావి ఎక్కడో, రచ్చకట్ట ఎక్కడో మా పెద్దమ్మాయికి చూపిస్తూ కూర్చున్నారు. అమ్మ మధ్యలో కలుగజేసుకొని రెండు ఇళ్ళు తారుమారయ్యాయని దిద్దింది.

ఈ వనంలోనే ఉన్న ఎల్క్‌మాంట్‌లో జూన్ మొదట్లో మిణుగురులు ఒకే లయలో వెలిగి ఆరుతాయి. వాటిని చూడటానికి అనుమతి లాటరీలో రావాలి. ఈసారి నలుగురమూ దరఖాస్తు చేస్తున్నాము. అమ్మానాన్నలు అప్పటివరకూ ఇక్కడే ఉండేలా తిరుగు టికెట్టును జూన్ నెలాఖరుకు మార్పించాను.