పోస్టరు పెట్టేముందు డీసీపీ చూడండి

చిన్న సినిమా తీసినవాళ్లు జనానికి చెప్పే కబుర్లు చాలావరకు రెండే. ఎవరు నటించారు, ఎప్పుడు ఎక్కడ వేస్తున్నారు. రాయడానికి పది నిమిషాలు చాలు కాబట్టి తొందరపడతారు. సంతకం కాకుండానే నటి పేరు, హాలు ఖాయం కాకుండానే తేదీ, థియేటర్లో ఆడించే డిజిటల్ కాపీ (డీసీపీ) తయారవకుండానే షో టైము బయటికి వచ్చేస్తాయి. ఆ తర్వాత ఒక్కోదాన్నీ దిద్దుకుంటూ కూర్చోవాలి. పెద్ద సినిమా విడుదల తేదీని నాలుగుసార్లు మార్చినా జనం ఎదురుచూస్తారు. చిన్న సినిమాకు ఆ వెసులుబాటు లేదు.

ముందు నటీనటుల సంగతి. ఒప్పందం మీద సంతకం పడ్డాకే పేరు బయటపెట్టాలి. సంతకం పడినా సరే, అందులో మూడు విషయాలు మళ్లీ చదువుకోండి: పేరు ఏ వరుసలో వేయాలి, పోస్టరు మీద కూడా వేయాలా టైటిల్స్‌లో వేస్తే చాలా, ఫొటోలు ఎక్కడెక్కడ వాడుకోవచ్చు. రెండో పేరుగా వేస్తామని రాసిచ్చి, పోస్టరు మీద అక్షరక్రమంలో వేసేస్తే గొడవ అక్కడే మొదలవుతుంది. పేరు ఎలా రాయాలో నటుల చేతే రాయించుకోండి. ఇంటిపేరు ముందా వెనకా, ఇంగ్లీషు స్పెల్లింగులో అక్షరాలు ఎన్ని అన్నది మన ఊహకు వదిలేయకూడదు. పోస్టరులో, ఫెస్టివల్ ఫారంలో, ఎండ్ టైటిల్స్‌లో ఒకేలా ఉండాలి. పోస్టరులో తప్పును అయిదు నిమిషాల్లో దిద్దుకోవచ్చు. టైటిల్స్‌లో తప్పు పడితే ఆ రీలంతా మళ్లీ ఎన్‌కోడ్ చేసి, అన్ని డ్రైవుల్లోనూ కొత్త కాపీ వేయాలి.

రెండు సీన్లలో కనిపించే పేరున్న నటుణ్ణి పోస్టరు నిండా వేస్తే నాలుగు టికెట్లు ఎక్కువ తెగుతాయి, కాదనను. కానీ చూసి బయటికి వచ్చినవాళ్ల నోటిమాట ఆ నాలుగింటినీ, ఇంకో నలభైని కూడా తినేస్తుంది. ‘అతిథి పాత్రలో’ అని రాస్తే పోయేదేమీ లేదు. పిల్లలు నటించి ఉంటే తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. పిల్లల బడి, ఇల్లు తెలిసిపోయే వివరం ఒక్కటీ ప్రకటనలోకి రాకూడదు.

ప్రకటన వేసే రోజూ గంటా నటులకు రెండు రోజుల ముందే చెప్పండి. వాళ్లు అదే సమయంలో వేరే సినిమా చేస్తుంటే, ఆ సినిమా గెటప్ బయటపడకూడదన్న షరతు ఉండొచ్చు. మన సెట్‌లో తీసిన ఫొటోకు కూడా అది అడ్డం రావచ్చు. స్టిల్స్ పొడవు వైపు కనీసం 3000 పిక్సెళ్లు ఉండేలా అయిదారు ఎంచి, ఫైలు పేరులోనే నటుల పేరు, ఫొటో తీసినవారి పేరు పెట్టి ఇవ్వండి. పత్రికలవాళ్లు ఎవరు ఎవరో కనుక్కుంటూ కూర్చోరు. పేరు లేని ఫొటో వదిలేస్తారు, లేదంటే తప్పు పేరు వేస్తారు. నటులు మారితే గుట్టుగా పాత పోస్టు తీసేయడం కన్నా, ఫలానా పాత్ర ఇప్పుడు ఫలానావారు చేస్తున్నారని ఒక్క వాక్యం రాయడం మేలు. కారణం చెప్పనక్కర్లేదు.

ఇక షో. తేదీ చెప్పేముందు ప్రీమియర్ లెక్క చూసుకోవాలి. చాలా ఫెస్టివళ్లకు సినిమా అంతకుముందు ఎక్కడా బహిరంగంగా ఆడి ఉండకూడదు. కొన్నింటికి ఆ దేశంలో ఆడకుండా ఉంటే చాలు, మరికొన్నింటికి ఆ పట్టింపే లేదు. స్నేహితుల కోసం టికెట్టు లేకుండా వేసిన షో అయినా, ‘మొదటి ప్రదర్శన’ అని పోస్టరు వేసి అందరినీ పిలిస్తే బహిరంగ ప్రదర్శన కిందికే వస్తుంది. ఆన్‌లైన్‌లో ఒక్కరోజు అందరికీ తెరిచి పెట్టినా అంతే. కాబట్టి పెద్ద ఫెస్టివల్ మీద ఆశ ఉంటే, అక్కడినుంచి జవాబు వచ్చేదాకా చిన్న షోలు ఆపుకోవాలి. ఎంపికైన తర్వాత కూడా వాళ్లు జాబితా విడుదల చేసేదాకా నోరు మెదపకూడదు. ఎంపిక ఉత్తరంలోనే ఆ తేదీ ఉంటుంది, దాన్ని నటులకూ చెప్పి ఉంచాలి. ముందుగా బయటపడేది చాలాసార్లు దర్శకుడి నోట కాదు, సంతోషం ఆపుకోలేని ఓ సహనటుడి ఫోన్లోంచి.

ప్రకటనలో తేదీ పక్కన వారం కూడా రాయండి. రెండూ పొంతన కుదరకపోతే ఎవరో ఒకరు వెంటనే అడుగుతారు, తప్పు ముందే దొరుకుతుంది. నిడివి ఎండ్ టైటిల్స్‌తో కలిపి చెప్పాలి. 94 నిమిషాల సినిమా, మొదట 5 నిమిషాల పరిచయం, చివర 20 నిమిషాల ముఖాముఖి ఉంటే మొత్తం 119 నిమిషాలు. 6:30కి మొదలైతే 8:29 అవుతుంది. హాలు ఖాళీ చేసి ఊడ్చడానికి పావుగంట వేసుకుంటే తర్వాతి షో 8:45కి ముందు పడదు. ఈ లెక్క హాలువాళ్లతో ముందే మాట్లాడకపోతే ముఖాముఖి మధ్యలో లైట్లు వెలుగుతాయి. భాష, సబ్‌టైటిల్స్ ఉన్నాయా లేవా, మిణుకుమిణుకుమనే లైట్ల సీన్లు ఉంటే ఆ హెచ్చరిక, ఇవీ అక్కడే ఉండాలి. ‘చిత్రబృందం హాజరవుతుంది’ అన్న మాట మాత్రం ప్రయాణం టికెట్లు చేతికి వచ్చినవాళ్ల విషయంలోనే రాయాలి.

ఇప్పుడు అసలు విషయం, డీసీపీ. థియేటర్ సర్వర్ ఆడించే డిజిటల్ కాపీ అది. ఎడిటింగ్ సిస్టం నుంచి తీసిన ఫైలు ల్యాప్‌టాప్‌లో బాగా ఆడిందని తేదీ ప్రకటించడం, ఇస్త్రీ చేయని చొక్కాతో పెళ్లిపీటల మీద కూర్చోవడం లాంటిది.

డీసీపీలో బొమ్మ ‘జేపెగ్ 2000’ అనే పద్ధతిలో కుదించిన ఫ్రేములుగా, ధ్వని కుదించని 24 బిట్ 48 కిలోహెర్ట్జ్ ట్రాకులుగా ఉంటాయి. 2కేలో (అడ్డంగా సుమారు 2000 పిక్సెళ్లు) రెండు కొలతలు మామూలు: ఫ్లాట్ అంటే 1998×1080, స్కోప్ అంటే 2048×858. మామూలు హెచ్‌డీ ఫ్రేము 1920×1080 కాబట్టి ఫ్లాట్‌లో పెడితే రెండు పక్కలా 39 పిక్సెళ్ల నల్లపట్టీ మిగులుతుంది. అది ఎవరికీ కనబడదు, దాన్ని పూడ్చాలని బొమ్మను సాగదీయకండి. తప్పు జరిగేది స్కోప్ దగ్గర. పైనా కిందా నల్లపట్టీలు వేసి స్కోప్‌లా కనిపించేలా ఎడిట్ చేసిన సినిమాను అలాగే ఫ్లాట్ డీసీపీగా మారిస్తే, వెడల్పాటి తెర ఉన్న హాల్లో నాలుగు వైపులా నలుపు మిగిలి బొమ్మ పోస్టుకార్డంత అవుతుంది. పట్టీలు తీసేసి స్కోప్‌గా చేయాలి.

వేగం సంగతి ఇంకా ప్రమాదం. థియేటర్లన్నీ నిశ్చింతగా ఆడించేది సెకనుకు 24 ఫ్రేములు. కెమెరాలో ‘24’ అని కనిపించినా చాలాసార్లు అది 23.976. దాన్ని 24కి మార్చేటప్పుడు బొమ్మతోపాటు ధ్వనిని కూడా 0.1 శాతం వేగం చేయాలి. చేయకపోతే 90 నిమిషాల సినిమా చివరికి పెదాలకూ మాటకూ 5.4 సెకన్ల తేడా వస్తుంది. మొదటి పది నిమిషాలు చూసి సరే అనుకుంటే మోసపోతారు, అప్పటికి తేడా అర సెకను కన్నా కాస్తే ఎక్కువ. 25లో తీసిన సినిమాను 24కి తెస్తే 90 నిమిషాలది 93 నిమిషాల 45 సెకన్లవుతుంది. పైన వేసిన నిడివి లెక్క మారేది ఇక్కడే.

రంగులు ఎక్స్‌వైజెడ్ అనే కలర్ స్పేస్‌లోకి మారాలి. ఆ మార్పు జరగకపోయినా, రెండుసార్లు జరిగినా ముఖాల రంగు దారితప్పి అదోలా కనిపిస్తుంది. నలుపు, తెలుపు హద్దులను అంకెల్లో రాసే పద్ధతులు రెండు, ఫుల్ రేంజ్, వీడియో రేంజ్. అవి తారుమారైతే నలుపు బూడిదగా తేలిపోతుంది, లేదంటే చీకట్లో ఉన్నవన్నీ మునిగిపోతాయి. ఇవేవీ తప్పు కాకపోయినా రాత్రి సీన్లు థియేటర్లో మరింత చీకటిగా అనిపిస్తాయి. రంగులు దిద్దే (డీఐ) మానిటర్ వెలుతురు మామూలుగా 100 నిట్స్ దగ్గర పెడతారు, సినిమా తెర ప్రమాణం 48 మాత్రమే. దీపం పాతబడిన హాల్లో అంత కూడా ఉండదు.

ధ్వనిలో నేను పట్టుబట్టే విషయం ఒకటే: మాటలు సెంటర్ స్పీకర్లోంచి రావాలి. స్టీరియో మిక్స్‌ను అలాగే ఎడమ, కుడి ట్రాకుల్లో పెడితే మధ్య వరసల్లో బాగానే ఉంటుంది. పక్క సీట్లలో కూర్చున్నవాళ్లకు మాత్రం కథానాయిక మాట గోడలోంచి వస్తుంది. ఆరు ట్రాకుల 5.1 ఇస్తే ట్రాకుల వరుస ఎడమ, కుడి, సెంటర్, ఎల్‌ఎఫ్‌ఈ (లోతైన దడదడ శబ్దాల ట్రాకు), ఎడమ సరౌండ్, కుడి సరౌండ్. కొన్ని మిక్సింగ్ సాఫ్ట్‌వేర్లు సెంటర్‌ను రెండో స్థానంలో ఇస్తాయి. అలా తారుమారైతే మాటలన్నీ కుడి స్పీకర్లోకి పోతాయి. ప్రమాణం ప్రకారం హాలు సౌండ్ ప్రాసెసర్ మీద వాల్యూమ్ అంకె 7. చాలా హాళ్లు 5 దగ్గరో అంతకన్నా కిందో ఉంచేస్తాయి. గుసగుసల సినిమా అయితే ఆపరేటర్‌తో కలిసి అంకె తేల్చుకుని కాగితం మీద రాసి ఇవ్వాలి.

సబ్‌టైటిల్స్ ఇంగ్లీషువైతే విడి ఫైలుగా ఇవ్వొచ్చు. తెలుగు లాంటి లిపి అయితే జాగ్రత్త. ఒత్తులూ గుణింతాలూ సరిగా కూర్చలేని సర్వర్లు, ప్రొజెక్టర్లు ఉన్నాయి. ‘స్త్రీ’ అన్నది మూడు ముక్కలుగా తెర మీద పడుతుంది. వాటిని అక్షరాలుగా కాక బొమ్మలుగా ఇవ్వడం, లేదా ఫ్రేములోనే కలిపేయడం క్షేమం. ఫాంటు ఫైలు 640 కిలోబైట్లు దాటితే కొన్నిచోట్ల ఆడదు. మొదటి సబ్‌టైటిల్ కనీసం 4 సెకన్లు గడిచాక రావాలి, అంతకన్నా ముందు వస్తే మింగేసే సర్వర్లున్నాయి.

ఉచితంగా దొరికే డీసీపీ-ఓ-మ్యాటిక్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఇదంతా ఇంట్లోనే చేసుకోవచ్చు, సెట్టింగులు తెలిసి చేస్తే మంచి కాపీయే వస్తుంది. బిట్‌రేట్ (సెకనుకు పట్టే డేటా) గరిష్ఠం సెకనుకు 250 మెగాబిట్లు, కానీ చివరిదాకా లాగనక్కర్లేదు. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 90 నిమిషాలకు బొమ్మే 67 గిగాబైట్ల పైచిలుకు అవుతుంది. ఇంత పెద్ద ఫైళ్లు ఫ్యాట్32 ఫార్మాట్ డ్రైవులో పట్టవు, దాని హద్దు ఫైలుకు 4 గిగాబైట్లు. ఎక్స్‌ఫ్యాట్‌నూ మ్యాక్ ఫార్మాట్‌నూ చదవలేని సర్వర్లు ఎన్నో. లినక్స్ ఫార్మాట్లయిన ఈఎక్స్‌టీ2 లేదా ఈఎక్స్‌టీ3లో ఇస్తే నమ్మకం. ఫోల్డరును జిప్ చేయకండి, లోపలి ఫైళ్ల పేర్లు మార్చకండి. ఎక్స్‌ఎంఎల్ ఫైలు తెరిచి ఒక్క అక్షరం దిద్దినా ప్యాకింగ్ లిస్టులోని హ్యాష్‌తో (ఫైలు మారిందో లేదో పట్టిచ్చే గుర్తుతో) పొంతన కుదరక సర్వర్ మొత్తం కాపీనే తిప్పికొట్టవచ్చు.

కాపీకి తాళం (ఎన్‌క్రిప్షన్) వేయాలా అంటే, చిన్న సినిమాకు వద్దనే నా సలహా. తాళం వేసిన డీసీపీకి కేడీఎం అనే డిజిటల్ తాళంచెవి కావాలి. అది ఫలానా సర్వర్‌కు, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా మాత్రమే పనిచేస్తుంది. ఆఖరి నిమిషంలో షోను స్క్రీన్ 2 నుంచి స్క్రీన్ 4కి మార్చారా, కొత్త కేడీఎం వచ్చేదాకా జనం ఖాళీ తెర చూస్తూ కూర్చోవాలి. పైరసీ భయం ఉన్నవాళ్లు వేసుకోవచ్చు. అలాంటప్పుడు గడువును షో ముందురోజు నుంచే తెరిపించుకోవాలి, లేకపోతే టెస్టు వేసుకోవడానికి కూడా వీలుండదు.

టెస్టుకు ఇచ్చే సమయం ఎప్పుడూ తక్కువే, పదిహేను నిమిషాలు దొరికితే అదృష్టం. మొదటి 3 నిమిషాలు, మధ్యలో బాగా చీకటి సీను, గట్టి శబ్దం ఉన్న సీను, దగ్గరగా పెదాలు కనిపించే మాటల సీను, చివరి రీల్లో ఇంకో మాటల సీను చూడండి. సింక్ (పెదాలకూ మాటకూ పొంతన) చూసేటప్పుడు చివరి వరసలో కూర్చోవద్దు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ధ్వని ఒక్క ఫ్రేము కాలంలో దాదాపు 14 మీటర్లే వెళ్తుంది. పెద్ద హాల్లో వెనక కూర్చుంటే ఒకటి రెండు ఫ్రేముల ఆలస్యం సహజం, లేని తప్పు వెతుక్కుంటారు. ఈ టెస్టు షోకు వారం ముందు జరిగితే కాపీ మార్చే వ్యవధి ఉంటుంది. అదే రోజు పొద్దున జరిగితే తప్పు తెలుస్తుందంతే.

షో రోజు రెండో డ్రైవు వేరే మనిషి సంచిలో ఉండాలి, రెండూ ఒకే బ్యాగులో పెట్టడం వల్ల ఉపయోగం లేదు. సర్వర్‌లోకి ఎక్కించడానికి సినిమా నిడివి అంత సమయమైనా పట్టవచ్చు కాబట్టి ముందురోజే ఎక్కించాలి. సర్వర్‌లో పాత కాపీ కూడా ఉంటే ప్లేలిస్టులో ఏది ఉందో ఆపరేటర్ పక్కన నిలబడి చూసుకోండి. అందుకే డీసీపీ పేరులో తేదీ తప్పనిసరి. నటులను అరగంట ముందు రమ్మనండి, ముఖాముఖికి మైకులు రెండు, వేదిక మీదికి ఏ వరుసలో పిలుస్తారో రాసిన చీటీ ఒకటి. ఆ వరుస కూడా ఒప్పందంలోని వరుసే.

షో అయ్యాక డ్రైవు వెనక్కి తీసుకుని, సర్వర్‌లోంచి కాపీ తీసేశారో లేదో అడగండి. పాత ప్రకటనలో తేదీ పక్కన ‘అయిపోయింది’ అని రాసి, తర్వాతి షోను పైకి తెండి.